30 కోట్ల డాలర్ల గేమ్: ఈ ఖర్చు ఎక్కడ మొదలైంది?

2023 డిసెంబరులో ఇన్‌సోమ్నియాక్ అనే అమెరికా గేమ్ స్టూడియో ఫైళ్లను హ్యాకర్లు దొంగిలించి నెట్‌లో పెట్టారు. అందరి కళ్లూ ఒక్క అంకె మీదే పడ్డాయి. ‘స్పైడర్‌మ్యాన్ 2’ తయారీకి సుమారు 30 కోట్ల డాలర్లు! 2018 నాటి మొదటి గేమ్‌కు అయింది ఇందులో మూడో వంతే. మూడింతలు పెట్టిన సంగతి ఆడేవాళ్లకు తెలుస్తోందా అన్న ప్రశ్న స్టూడియో సొంత పత్రాల్లోనే ఉంది. గ్రాఫిక్స్ ముఖ్యమా, గేమ్‌ప్లే (ఆట ఆడే తీరు) ముఖ్యమా అన్న గొడవ మళ్లీ రాజుకుంది.

గొడవ పాతదే. 1989లో జపాన్ సంస్థ నింటెండో తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే మెషిన్ గేమ్‌బాయ్ తెరకు రంగుల్లేవు, వెనక లైటూ లేదు. పోటీ సంస్థ సెగా మరుసటి ఏడాది రంగుల తెరతో గేమ్ గేర్ తెచ్చింది. అది ఆరు బ్యాటరీలను కొన్ని గంటల్లోనే మింగేసేది. గేమ్‌బాయ్‌కి నాలుగు చాలు, చాలాసేపు వచ్చేవి. పైగా దానితో పడే ముక్కలను పేర్చే టెట్రిస్ ఆట ఉంది. ఇక పోటీ ఎక్కడ?

ఖర్చుల కథ సీడీతో మలుపు తిరిగింది. నింటెండో మెషిన్లలో గేమ్‌ను దూర్చే ప్లాస్టిక్ డబ్బీ కార్ట్‌రిడ్జ్‌లో చోటు తక్కువ, ధర ఎక్కువ. అందుకే గేమ్‌లు తయారుచేసే స్క్వేర్ సంస్థ నింటెండోను వదిలి, సీడీలు వాడే సోనీ ప్లేస్టేషన్ వైపు వెళ్లి, 1997లో ‘ఫైనల్ ఫాంటసీ 7’ను మూడు సీడీల్లో తెచ్చింది. సినిమా లాంటి దృశ్యాలు చూసి జనం మురిసిపోయారు, మిగతా కంపెనీలు అదే బాట పట్టాయి. 1999 నాటి ‘షెన్‌మూ’కు ప్రచారంతో కలిపి 4.7 కోట్ల డాలర్లు అయ్యాయని దాని దర్శకుడు యు సుజుకి తర్వాత చెప్పారు.

మెషిన్ వేగం పెరిగితే పని తగ్గుతుందనుకుంటాం. ఇక్కడ పెరుగుతుంది. ఒకప్పుడు నాలుగు చుక్కలతో సరిపోయిన ముఖానికి ఇప్పుడు చర్మం మీది ముడతలు, వెంట్రుకలు, నటుల కదలికల రికార్డింగ్ అన్నీ కావాలి. అవన్నీ మనుషులు చేయాల్సిన పనులే కాబట్టి డబ్బులో ఎక్కువ భాగం జీతాలకే పోతుంది. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’కు 22 కోట్ల డాలర్లు అయినట్టు 2023లో అమెరికా కోర్టుకు వెళ్లిన సోనీ పత్రాల వల్ల తెలిసింది. ఆ అంకెలను రహస్యమని మార్కర్‌తో కొట్టేసినా స్కాన్‌లో చదవగలిగేలా మిగిలిపోయాయి పాపం!

నన్నడిగితే అసలు చిక్కు ట్రైలర్‌తో ఉంది. రెండు నిమిషాల వీడియోలో గ్రాఫిక్స్ కనిపిస్తాయి, గేమ్‌ప్లే చేతికి తగలదు. అందుకే పెట్టుబడి కంటికి కనిపించే వైపే పోతుంది. హెచ్‌డీ కూడా లేని నింటెండో గేమ్ మెషిన్ ‘వీ’ 10 కోట్లకు పైగా అమ్ముడై, సోనీ మెషిన్ ప్లేస్టేషన్ 3ను దాటింది. డబ్బాల్లాంటి బొమ్మల ‘మైన్‌క్రాఫ్ట్’ కోసం మైక్రోసాఫ్ట్ 2014లో 250 కోట్ల డాలర్లు పెట్టి దాన్ని తయారుచేసిన మొజాంగ్ సంస్థను కొన్నది. కానీ ఇవి గెలిచినవి. ఆట బాగున్నా ఎవరి కంటా పడక మునిగిపోయిన చిన్న గేమ్‌లను ఎవరు లెక్కపెడతారు?

ఇంత జరిగినా అమెరికాలో పెద్ద గేమ్ ధర 60 డాలర్ల దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోయింది. 2020లో 70కి చేరింది. 2025లో ‘మారియో కార్ట్ వరల్డ్’తో దాన్ని 80 చేసింది, మరెవరో కాదు, నింటెండోయే.