క్లినికల్ సైకాలజీ చదువు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సైకాలజీ చదివితే ఎదుటివాళ్ల మనసు ఇట్టే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. అందుకే అడగడం, పరీక్షించడం నేర్పిస్తారు. ‘క్లినికల్ సైకాలజీ’ అనే మాటను వాడుకలోకి తెచ్చిన లైట్నర్ విట్మర్, 1896లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సైకలాజికల్ క్లినిక్ మొదలుపెట్టారు. ఆయన దగ్గరికి మొదట వచ్చిన పిల్లవాడికి స్పెల్లింగ్ రాదు. చూస్తే చూపులో లోపం ఉందని తేలింది. మొద్దు అని ముద్ర వేయకుండా కళ్లు కూడా చూడాలని తోచడం, నా దృష్టిలో ఈ చదువుకు అసలు పునాది.

అపోహ: మంచి సలహాలు ఇచ్చే గుణం ఉంటే చాలు.

వాస్తవం: ఈ విద్యలో చేరినవాళ్ల చేత నేను ముందు మాన్పించేది ఆ అలవాటునే. రోల్ ప్లేలో క్లయింటుగా కూర్చున్నవాళ్లు ‘రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు’ అంటారు. థెరపిస్టుగా కూర్చున్న విద్యార్థి వెంటనే ‘పడుకునే ముందు ఫోన్ చూడకండి’ అంటాడు. ఎప్పటినుంచి పట్టడం లేదు? పడుకోగానే పట్టడం లేదా, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ పట్టడం లేదా? ఆ చీకట్లో ఏం ఆలోచిస్తూ ఉంటారు? ఇవేవీ అడగడు. నిద్ర పట్టకపోవడం ఆందోళన వల్ల కావచ్చు, డిప్రెషన్ వల్ల కావచ్చు, థైరాయిడ్ వల్లా కావచ్చు. కారణం ఏదో తెలియకుండా ఇచ్చిన సలహా ఆ మనిషికి ఎందుకూ పనికిరాదు.

అపోహ: లెక్కలంటే భయపడేవాళ్లకు సరిపోయే సబ్జెక్టు.

వాస్తవం: స్టాటిస్టిక్స్ తప్పదు. డిప్రెషన్‌ను అంచనా వేయడానికి వాడే ప్రశ్నల పత్రం పీహెచ్‌క్యూ-9లో 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. ఒకరికి 12 వచ్చినంత మాత్రాన జబ్బు ఉందని తేల్చలేం, ఇంకా లోతుగా మాట్లాడాలి. ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో చెప్పేది స్టాటిస్టిక్సే.

సైకాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకటేనన్నది మరో అపోహ. సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివిన డాక్టర్, మందులు రాస్తారు. మా క్లినికల్ సైకాలజిస్టుల పని ముఖ్యంగా మానసిక పరీక్షలు, థెరపీ. చాలామందికి ఇద్దరి సాయమూ కావాలి.

అపోహ: ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అయినా ఇక్కడికి వచ్చేసరికి విద్యార్థుల గొంతు సన్నబడుతుంది. ‘అలాంటి ఆలోచనలేమీ లేవు కదా?’ అంటారు. ‘లేవు కదా’ అంటే ‘లేవు’ అనే చెబుతారు ఎవరైనా. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా, నెమ్మదిగా అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి. అవునంటే కంగారు పడకుండా, ఎలా చేసుకోవాలనుకుంటున్నారో కూడా అడగాలి. వాళ్లను ఒంటరిగా వదలకుండా, వెంటనే సూపర్‌వైజర్‌ను పిలవాలి. ఆ ఒక్క ప్రశ్నను మాత్రం మా విద్యార్థుల చేత గొంతు వణకడం ఆగేదాకా నా ఎదుటే మళ్లీ మళ్లీ అడిగిస్తాను.