సైకాలజిస్టు రిజిస్ట్రేషన్: అపోహలు - వాస్తవాలు

నిరుడు ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ప్లాస్టిక్ కవరులోంచి ఆమె తీసిచ్చిన ఐక్యూ రిపోర్టు మీద సంతకం, గుండ్రటి స్టాంపు, పేరుకు ముందు ‘డాక్టర్’ అన్నీ ఉన్నాయి; రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం లేదు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో ఆ రిపోర్టు చెల్లదన్నారట. అదే పరీక్షను కొద్ది రోజుల్లోనే మళ్లీ పెడితే, ప్రశ్నలు పరిచయమైనందువల్ల ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా కనబడవచ్చు. అందుకని వేరే పరీక్ష ఎంచుకుని, ఆ పిల్లవాడిని రెండు పూటలు మళ్లీ కూర్చోబెట్టవలసి వచ్చింది.

అపోహ: సైకాలజీలో పీజీ చేసినవారెవరైనా క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు పెట్టవచ్చు.

వాస్తవం: పీజీ తొలి మెట్టు మాత్రమే. ఆ తర్వాత భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన క్లినికల్ శిక్షణ పూర్తిచేసి, మండలి కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. ఇన్నేళ్లుగా ఇందుకు ప్రధాన మార్గం, ఆసుపత్రిలో సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూస్తూ చేసే రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్. 1992 నాటి ఆర్‌సీఐ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులో లేనివారు ప్రాక్టీసు చేయకూడదు, చట్టానికి అవసరమైన ధ్రువపత్రాల మీద సంతకం పెట్టకూడదు. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఒక కుటుంబం పోగొట్టుకునే డబ్బు, కాలంతో పోలిస్తే ఈ వెయ్యి రూపాయలు ఏ మూలకూ చాలవని, దీన్ని సవరించాలని నా గట్టి అభిప్రాయం.

పేరుకు ముందున్న ‘డాక్టర్’ పీహెచ్‌డీ వల్ల కూడా రావచ్చు. అది గౌరవించదగిన పట్టమే గాని, దానంతట అదే ప్రాక్టీసుకు అనుమతి కాదు.

అపోహ: ఇదంతా ఢిల్లీ వ్యవహారం, రాష్ట్రానికి సంబంధం లేదు.

వాస్తవం: 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక ఆరోగ్య నర్సులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను నమోదు చేసి, ఆ జాబితాను ప్రచురించవలసిన బాధ్యత రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థదే. మానసిక ఆరోగ్య కేంద్రాలకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా నడిపితే తొలిసారే 5,000 నుంచి 50,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

అపోహ: కౌన్సెలర్లకు, ఇతర సైకాలజిస్టులకు ఏ చట్టమూ వర్తించదు.

వాస్తవం: 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం వీరినీ తన పరిధిలోకి తీసుకుంది. రిజిస్టరు నిర్వహణను రాష్ట్ర మండళ్లకు అప్పగించింది.

అపోహ: అవసరమైతే సైకాలజిస్టే మందులు రాస్తారు.

వాస్తవం: రాయకూడదు. తన వృత్తి పరిధిలో లేని మందును గాని చికిత్సను గాని సూచించడాన్ని 2017 చట్టం 106వ సెక్షన్ నిషేధిస్తుంది. మందులు అవసరమనిపిస్తే మేము సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతాం.

అపోహ: ఒకసారి నంబరు వస్తే జీవితాంతం చెల్లుతుంది.

వాస్తవం: ఆర్‌సీఐ నమోదును ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, అందుకు నిరంతర విద్యా కార్యక్రమాలకు హాజరు కావాలి. వృత్తిపరమైన దుష్ప్రవర్తన రుజువైతే, సంజాయిషీ విన్న తర్వాత పేరు తొలగించే అధికారం మండలికి ఉంది. అందుకే గోడ మీది సర్టిఫికెట్‌లో నంబరుతోపాటు గడువు తేదీని కూడా చదవండి. అడిగితే నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం వద్దు. ఆ తల్లి రెండోసారి వచ్చినప్పుడు ముందుగా అడిగింది నా నంబరే, నేను సంతోషంగా రాసిచ్చాను.