ఆగస్టు జాబితాలో కొత్త పేర్లు: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ లెక్క ఎలా మారింది

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని కోలగా ఉండే బంతితో ఆడేది. సీజన్‌కి ముందు అభిమానుల మధ్య ఒకటే చర్చ: ఈసారి మన జట్టు ఎలా ఉంది? పదేళ్ల కిందట దీనికి జవాబు చెప్పడం అంత కష్టం కాదు. చదువు ముగించి వెళ్లినవాళ్ల పేర్లు కొట్టేసి, వాళ్ల వెనక రెండేళ్లుగా బెంచీ మీద కూర్చుని ఆట నేర్చుకున్న కుర్రాళ్ల పేర్లు రాసుకుంటే సగం పని అయిపోయేది. ఇప్పుడా పద్ధతి పనికిరాదు.

ఒకప్పుడు ఎంతమందికి స్కాలర్‌షిప్ ఇవ్వాలన్నదానికి జాతీయ స్థాయిలో హద్దే లేదు. 1973లో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 105 అని గీత గీసింది. తర్వాత అది 95కి, 1990ల్లో 85కి తగ్గింది. పెద్ద కాలేజీలు మంచి ఆటగాళ్లందరినీ పోగేసుకోవడం తగ్గి, మిగతా జట్లకూ నలుగురు దొరికారు. అప్పట్లో ఒక కుర్రాడు ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడే వీలుండేది. ఆడకుండా నేర్చుకుంటూ గడిపే ఏడాదిని 'రెడ్‌షర్ట్' అంటారు. కాలేజీ మారితే మాత్రం చాలామంది ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. పైగా ఏ కాలేజీతో మాట్లాడాలన్నా ముందు పాత కాలేజీ అనుమతి కావాల్సి వచ్చేది. కోచ్ మాత్రం ఎక్కువ జీతమిచ్చే చోటికి రాత్రికి రాత్రి వెళ్లిపోయే వీలుండేది. ఇది కుర్రాళ్లకు జరిగిన అన్యాయమే, అందులో నాకు సందేహం లేదు.

2018 అక్టోబర్ 15న ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లుండే ఆన్‌లైన్ జాబితా వచ్చింది. కుర్రాడు అడిగితే రెండు పనిదినాల్లో అతని పేరు అందులో పెట్టాలి, అనుమతి అక్కర్లేదు. 2021లో మొదటిసారి మారేవాళ్లకు ఏడాది శిక్ష ఎత్తేశారు. అదే ఏడాది జులై 1 నుంచి తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు ఆటగాళ్లు డబ్బు తీసుకునే వీలు కలిగింది. ఎన్నిసార్లు మారినా ఆడొచ్చన్న నియమం 2024లో వచ్చింది. ఐపీఎల్ మెగా వేలం తర్వాత సన్‌రైజర్స్ జాబితా చూసి తికమకపడతాం కదా, ఇక్కడ ఏటా అదే పరిస్థితి.

2024 సీజన్‌నే చూడండి. అంతకు ముందు ఏడాది ఫ్లోరిడా స్టేట్ వరసగా 13 మ్యాచ్‌లు గెలిచింది. చాలామంది వెళ్లిపోయినా, బయటి నుంచి పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి అందుకుని జట్టు దాడిని నడిపించే ఆటగాణ్ని తెచ్చుకుంది. సీజన్ ముందు ర్యాంకింగ్‌లో పదో స్థానం ఇచ్చారు. చివరికి రెండు గెలిచి పది ఓడింది. ఇండియానాను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. 2023లో గెలిచినవి మూడే. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెట్టి తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి 13 మందిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ జట్టు 11 గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్లింది, మరుసటి సీజన్‌లో ఒక్కటీ ఓడకుండా జాతీయ టైటిల్ కొట్టింది. రెండు జట్లూ కొత్తవాళ్లను తెచ్చుకున్నవే. కాకపోతే ఇండియానాకు వచ్చినవాళ్లలో చాలామంది అప్పటికే కలిసి ఆడినవాళ్లు, ఆ కోచ్ మాట తెలిసినవాళ్లు.

అందుకే జాబితా చేతికొస్తే నేను ముందు చూసేది క్వార్టర్‌బ్యాక్‌ను కాదు, అతని ముందు నిలబడి, మీద పడేవాళ్లను అడ్డుకునే ఐదుగురిని. అవతలి స్టేడియంలో లక్ష గొంతులు అరుస్తుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. మధ్యలో ఉన్న సెంటర్ బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి అందించే క్షణంలో ఐదుగురూ ఒకేసారి కదలాలి. ఎదురుగా ఇద్దరు అడ్డదిడ్డంగా చోటు మార్చుకుని దూసుకొస్తే, వాణ్ని నువ్వు పట్టు, వీణ్ని నేను పట్టుకుంటా అని చెప్పుకునే టైమ్ ఉండదు. అది పక్కపక్కన నిలబడి ఏళ్ల తరబడి ఆడితే వచ్చే అలవాటు. ఐదుగురూ నాలుగు కాలేజీల నుంచి వచ్చినవాళ్లయితే, ఒక్కొక్కరూ ఎంత గట్టివాళ్లయినా సెప్టెంబర్‌లో నాకు టెన్షనే.

2025 జూన్‌లో మరో మార్పు జరిగింది. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన 'హౌస్' కేసులో రాజీని కోర్టు ఆమోదించడంతో కాలేజీలు నేరుగా ఆటగాళ్లకు డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి అన్ని ఆటలూ కలిపి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. 85 స్కాలర్‌షిప్‌ల హద్దు పోయి, ఈ ఒప్పందంలో చేరిన కాలేజీల ఫుట్‌బాల్ జట్లకు మొత్తం 105 మందే అన్న హద్దు వచ్చింది. దీనికి బలైంది వాక్-ఆన్‌లు. స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో చదువుతూ, రోజూ ప్రాక్టీస్‌లో మొదటి జట్టు చేతిలో దెబ్బలు తినే కుర్రాళ్లు వీళ్లు. రాజీ ఖాయం కాకముందే చాలా కాలేజీలు వీళ్లను ఇంటికి పంపడం మొదలుపెట్టాయి. జడ్జి క్లాడియా విల్కెన్ ఒప్పుకోలేదు, వీళ్ల సంగతి తేల్చాకే సంతకం అన్నారు. చివరికి అలా చోటు పోయినవాళ్లను తిరిగి తీసుకుంటే 105లో లెక్కపెట్టకూడదని రాసుకున్నారు. తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం కాలేజీ ఇష్టానికే వదిలేశారు.