లింఫోమా ఎక్కడ పుట్టింది?

మా మహబూబ్‌నగర్ దిక్కు ఎవరికైనా కాన్సర్ అని తేలితే చుట్టాలు అడిగే మొదటి మాట "ఎన్నో స్టేజంట?" అని. లింఫోమాలో ఆ ఒక్క ప్రశ్నతో సరిపోదు. ఇది లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలకు వచ్చే కాన్సర్, అవేమో ఒంట్లో దాదాపు అన్ని చోట్లా ఉంటాయి, అందుకే మెడలో, చంకలో గడ్డగానే కాక కడుపులో, చర్మంలో, మెదడులో, వృషణంలో కూడా మొదలవ్వచ్చు. మొదలైన చోటును బట్టి మందు మారుతుంది, బతికే అవకాశమూ మారుతుంది.

జీర్ణాశయంలో వచ్చే, నిదానంగా పెరిగే మాల్ట్ అనే రకం లింఫోమాకు చాలాసార్లు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. అది ఏళ్ళ తరబడి అక్కడే తిష్ట వేస్తే, దాని మీద పోరాడటానికి వచ్చిన లింఫోసైట్లే చివరికి అదుపు తప్పుతాయి. ఇలాంటి 6 మందికి బాక్టీరియాను చంపే మందులిస్తే 5 గురిలో లింఫోమా ఆనవాళ్ళు పోయాయని 1993లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మెడికల్ షాపులో దొరికే గోళీలకు కాన్సర్ తగ్గడమంటే నాకిప్పటికీ వింతే. కాకపోతే తొలిదశలో ఉంటేనే, వేగంగా పెరిగే పెద్ద కణాల రకంగా మారకపోతేనే.

మెదడులో పుడితే కథ వేరు. లింఫోమాకు మామూలుగా ఇచ్చే ఆర్-చాప్ అనే కీమో మందుల కలయిక అక్కడికి సరిగ్గా చేరదు, మెదడు రక్తనాళాల గోడలు దాన్ని రానివ్వవు. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ నిండా పారుతున్నా పక్కనే మెరక మీదున్న చెల్కకు చుక్క ఎక్కదు కదా, అట్లాగే. అందుకే ఆస్పత్రిలో ఉంచి మెథోట్రెక్సేట్ అనే కీమో మందును పెద్ద మోతాదులో ఎక్కిస్తారు. వృషణానికీ ఇలాంటి అడ్డుగోడే ఉంది. అక్కడ తగ్గినట్టే తగ్గి, కొన్నేళ్ళకు రెండో వృషణంలోనో మెదడులోనో తిరగబెట్టే గుణం దీనికుంది కాబట్టి రెండో వైపుకు ముందే రేడియేషన్ ఇస్తారు. 60 దాటిన మగవాళ్ళలో వృషణానికి వచ్చే కాన్సర్లలో ఎక్కువగా కనిపించేది లింఫోమానే, మనోళ్ళేమో సిగ్గుపడి వాపును నెలలు నెలలు దాచిపెడతారు.

ఛాతీ మధ్యలో వచ్చేది ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్ళకు వస్తుంది, స్కాన్‌లో గడ్డ సైజు చూస్తేనే టెన్షన్ పుడుతుంది గానీ చాలామందికి నయమవుతుంది. చర్మంలో మొదలయ్యే వాటిలో నిదానంగా పెరిగే ఫాలికిల్ సెంటర్ రకమైతే 5 ఏళ్ళ తర్వాత నూటికి 95 మంది బతికే ఉంటారు, ముసలివాళ్ళ కాళ్ళ మీద ఎక్కువగా వచ్చే పెద్ద కణాల రకమైతే అంత ధీమా లేదు.

మెడలో గడ్డకు మాత్రం ఇంకో చిక్కుంది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ముందు అనుమానం దాని మీదికే పోతుంది, కొందరికి బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) లేకుండానే టీబీ మందులు మొదలుపెడతారు. సూదితో తీసిన నాలుగు కణాలతో లింఫోమా రకం తేల్చడం కష్టం, వీలైతే గడ్డను మొత్తంగా తీయించాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే కాన్సర్ ఆస్పత్రికో నిమ్స్‌కో వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు ల్యాబులో గడ్డ ముక్కను దాచి ఉంచిన మైనం బ్లాక్‌ను కూడా అడిగి తీసుకెళ్ళండి, రకం తేల్చే పరీక్షలన్నీ దాని మీదే చేస్తారు.