నోటిమాటతో ఉద్యోగం మానేస్తే ఏమవుతుంది? అపోహలు – వాస్తవాలు

ఏడాదిలో ముగ్గురు మేనేజర్లు మారిన టీమ్. పాతాయన ఒప్పుకున్న సెలవులు తనకు తెలియవంటాడు కొత్తాయన. పక్క సీట్లవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే వాళ్ళ పని కూడా మిగిలినవాళ్ళ నెత్తిన పడుతుంది. అలాంటి చోట ఇమడలేక బయటికొచ్చినవాళ్ళది తప్పు కాదు. పొద్దున ఆఫీసు గేటు దగ్గరికి రాగానే గుండె దడ మొదలయ్యే స్థితిలో ఎవరైనా తప్పించుకుపోవాలనే చూస్తారు. కానీ వాళ్ళు జీతాలు, పీఎఫ్ లెక్కలు చూసే మాబోటివాళ్ళ దగ్గరికి వచ్చేది మూడు నాలుగు నెలల తర్వాత, పాత ఉద్యోగం వివరాలు సరిచూసే కొత్త కంపెనీ వెరిఫికేషన్ ఆగిపోయాక. అప్పుడు మేం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "రాజీనామా మెయిల్ ఏది?"

అపోహ: "మేనేజరుకు చెప్పే మానేశాను. ఎలాగూ రిలీవింగ్ లెటర్ ఇవ్వరు, ఇంకా మెయిల్ ఎందుకు?"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. జనం తరచూ వెళ్ళిపోయే కంపెనీలో నోటిమాటకు ఆయుష్షు ఉండదు. మీరు చెప్పిన మేనేజరు రెండు నెలల్లో మానేస్తాడు. మీ ముందు తల ఊపిన హెచ్‌ఆర్ అమ్మాయి అంతకన్నా ముందే వెళ్ళిపోతుంది. వెరిఫికేషన్ వాళ్ళు ఫోన్ చేసేసరికి సీట్లో ఉండేది మీ ముఖం కూడా చూడని మనిషి. ఆ మనిషి సిస్టమ్ తెరిచి అక్కడున్నదే చదువుతారు. రాజీనామా లేకపోతే అక్కడుండేది "అబ్‌స్కాండింగ్", అంటే చెప్పకుండా పారిపోయారని.

అది ఎలా పడుతుందంటే, మీరు రావడం ఆపిన కొద్ది రోజులకు అపాయింట్‌మెంట్ ఫైల్లోని చిరునామాకు ఒక నోటీసు వెళ్తుంది. తర్వాత రెండోది, ఆపైన పేరు కొట్టేసిన ఉత్తరం. మీరు ఎప్పుడో ఖాళీ చేసిన పాత హాస్టల్ చిరునామాకు అవి వెళ్ళి తిరిగొచ్చినా, పంపినట్టు రుజువు మాత్రం కంపెనీ దగ్గర ఉంటుంది. మీ దగ్గర ఏమీ ఉండదు.

కాబట్టి వరసగా ఇలా చేయండి.

రాజీనామా పంపకముందే మీ కాగితాలు దించుకోండి. కొన్ని చోట్ల రాజీనామా పెట్టిన గంటలోనే లాగిన్ ఆపేస్తారు. అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, కనీసం 12 నెలల పేస్లిప్పులు, ఫారం 16, మిగిలిన సెలవుల స్క్రీన్‌షాట్ చాలు. మీ సొంత కాగితాలే తీసుకోండి. కస్టమర్ ఫైళ్ళు, కోడ్, ధరల పట్టికల్లాంటివి సొంత మెయిల్‌కు పంపుకున్నారంటే కంపెనీ చేతికి మీరే అసలైన కారణం ఇచ్చినట్టు.

మెయిల్ మీ సొంత అడ్రస్ నుంచి హెచ్‌ఆర్‌కూ మేనేజరుకూ కలిపి పంపండి. ఆఫీసు మెయిల్ నుంచి మాత్రమే పంపితే మర్నాడు మీ పంపిన మెయిల్ మీకే కనిపించదు. అందులో నాలుగు విషయాలు ఉండాలి: ఉద్యోగి నంబరు, ఫలానా తేదీన రాజీనామా చేస్తున్నాననే మాట, అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం నోటీసు ఎన్ని రోజులు, చివరి పనిరోజు ఏ తేదీ. మేనేజరు మీద ఫిర్యాదు ఉంటే అది వేరే మెయిల్. రెండూ కలిపితే "కోపంలో రాశాడు, రాజీనామాగా తీసుకోలేదు" అనే సాకు దొరుకుతుంది.

మూడు పనిరోజుల్లో జవాబు రాకపోతే అదే ప్రింటు తీసి సంతకం పెట్టి రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపండి. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు రెండూ దాచుకోండి.

లాప్‌టాప్, ఐడీ కార్డు, సిమ్ ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరుతో రసీదు అడగండి. రాసివ్వకపోతే అక్కడే ఫొటో తీసి, "ఈ రోజు ఫలానా వారికి అప్పగించాను" అని వెంటనే మెయిల్ పెట్టండి. చివరి లెక్క కట్టి డబ్బివ్వడం (సెటిల్‌మెంట్) ఆపడానికి ఎక్కువగా చెప్పే సాకు "అసెట్ క్లియరెన్స్ రాలేదు" అన్నదే.

నోటీసు మొత్తం చేయలేకపోతే అది నేరం కాదు, డబ్బు లెక్క మాత్రమే. 60 రోజుల్లో 20 పనిచేస్తే 40 రోజుల జీతం కోతపడుతుంది. అయితే బేసిక్ (మూల వేతనం) మీదా, గ్రాస్ (అలవెన్సులతో కలిపిన మొత్తం జీతం) మీదా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూడండి. బేసిక్ 20,000, గ్రాస్ 40,000 ఉన్న మనిషికి ఒక లెక్కలో 26,667, ఇంకో లెక్కలో 53,333 రూపాయలు. లెటర్‌లో బేసిక్ అని ఉన్నా గ్రాస్ మీద కోసేవాళ్ళున్నారు. మిగిలిన సెలవులను నోటీసులో సర్దడానికి పాలసీ ఒప్పుకుంటుందేమో కూడా రాతపూర్వకంగా అడగండి.

అపోహ: "రిజైన్ చెయ్యి, లేకపోతే టెర్మినేట్ చేస్తాం అన్నారు. పేరు పాడవుతుందని సంతకం పెట్టేశాను."

భయపడటం సహజం. గదిలో ఇద్దరు ముగ్గురు ఎదురుగా కూర్చుని, ఫోన్ బయట పెట్టమని, అరగంట టైమిస్తే ఎవరికైనా చేయి వణుకుతుంది. కానీ ఆ సంతకంతో మీరు వదులుకునేది ఏమిటో తెలుసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు వరసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వక నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవాళ్ళను మనుషులు ఎక్కువయ్యారని తీసేస్తే, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారం కూడా ఇవ్వాలి. మీరే రాజీనామా చేసినట్టు కాగితం ఉంటే కంపెనీకి ఇవేవీ పట్టవు.

"ఇంటికెళ్ళి ఆలోచించుకుని రేపు చెప్తాను" అనండి. సంతకం అప్పుడే పెట్టేసి ఉంటే, ఆ రాత్రికే మెయిల్ రాయండి: ఎన్ని గంటలకు, ఏ గదిలో, ఎవరెవరున్నారు, ఏమన్నారు, ఇది నా ఇష్టంతో చేసింది కాదు. వారం తర్వాత రాసినదానికి ఆ బలం ఉండదు. ఎట్టి పరిస్థితుల్లోనూ "వ్యక్తిగత కారణాలతో" అని మీ చేత్తో రాయకండి.

అపోహ: "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌కు 45 రోజులు పడుతుంది, అది రూలు."

అది కంపెనీ అలవాటు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం, తీసేసినా రాజీనామా చేసినా రావాల్సిన జీతం రెండు పనిరోజుల్లో ఇవ్వాలి. పైగా ఆ కోడ్ మేనేజర్లకూ వర్తిస్తుంది. "జీతం ఎక్కువ, నాకు లేబర్ చట్టం లేదు" అని ఊరుకునే రోజులు పోయాయి.

గ్రాట్యుటీకి, అంటే ఏళ్ళ సర్వీసుకు మానేసేటప్పుడు ఇచ్చే మొత్తానికి, గడువు 30 రోజులు. ఐదేళ్ళు నిండినవాళ్ళకు లెక్క: చివరి నెల వేతనం భాగించు 26, గుణించు 15, గుణించు ఏళ్ళు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకోవాలి. వేతనం 26,000, సర్వీసు ఆరేళ్ళ ఏడు నెలలైతే ఏడాదికి 15,000 చొప్పున ఏడేళ్ళకు 1,05,000 రూపాయలు. నోటీసు చేయలేదని దీన్ని ఆపే హక్కు కంపెనీకి లేదు. కంపెనీ ఆస్తికి నష్టం చేసి, లేదా హింస, నైతిక పతనం కిందికొచ్చే నేరం వల్ల తీసేసినప్పుడే కోత. కాంట్రాక్టు గడువుతో తీసుకున్న ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకైతే కొత్త సామాజిక భద్రత కోడ్‌లో ఏడాదికే అర్హత వస్తుంది.

అపోహ: "గొడవపడి వచ్చాను, పీఎఫ్ ఆపేశారు."

మీ పీఎఫ్ కంపెనీ చేతిలో ఉండదు. వాళ్ళు చేయగలిగిందల్లా ఎగ్జిట్ తేదీ (మీరు మానేసిన తేదీ) వేయకుండా నాన్చడం. చివరి చందా పడి రెండు నెలలు దాటాక యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా నంబరు) పోర్టల్‌లో మేనేజ్, మార్క్ ఎగ్జిట్ నొక్కి, ఆధార్ ఓటీపీతో తేదీ మీరే వేసుకోవచ్చు. తేదీ చివరి చందా పడిన నెలలోనే ఉండాలి. ఒకసారి వేశాక మళ్ళీ మీరు మార్చలేరు, రిలీవింగ్ తేదీతో సరిచూసుకుని వేయండి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం మీ జీతంలో కోసి కట్టకపోవడం. ఒక నెల చందా తర్వాతి నెల 15లోగా పడాలి. జీతాలు ఆలస్యమయ్యే కంపెనీలో ముందు ఆగేది ఇదే, పాస్‌బుక్ నెలనెలా చూడండి. రెండు నెలలు ఖాళీ కనిపిస్తే మానేసేదాకా ఆగకుండా పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల వెబ్‌సైట్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టండి, పేస్లిప్ జతచేయండి. ఉద్యోగం మారినప్పుడల్లా డబ్బు తీసేయకండి. ఐదేళ్ళ సర్వీసు లేకుండా 50,000 దాటి తీస్తే పాన్ ఉన్నా 10 శాతం టీడీఎస్ పడుతుంది. ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పాత సర్వీసు కలుస్తుంది, పదేళ్ళకు వచ్చే పెన్షన్ అర్హతా చెడదు.

మిగతావి త్వరగా.

"ఇండస్ట్రీ మొత్తం బ్లాక్‌లిస్ట్ చేస్తారు": అన్ని కంపెనీలూ చూసే అలాంటి జాబితా ఏదీ లేదు. వాట్సాప్‌లో తిరిగే ఈ బెదిరింపుకు నిద్ర పాడుచేసుకోకండి. వెరిఫికేషన్‌లో అడిగేవి తేదీలు, హోదా, వెళ్ళిన కారణం, మళ్ళీ తీసుకుంటారా అన్న ప్రశ్న.

"బాండ్ చెల్లదు": పూర్తిగా నిజం కాదు. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. కానీ ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టిన బాండ్ వేరు. 3 ఏళ్ళు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. శిక్షణకు నిజంగా ఖర్చుపెట్టారా అన్నది చూస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఏ బాండ్ కిందా ఇవ్వకండి.

"లేబర్ ఆఫీసుకు వెళ్తే లాయరు కావాలి": మొదటి దరఖాస్తుకు అక్కర్లేదు. జీతం బకాయిలకు మూడేళ్ళలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో అయితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక భవన్‌కు, పీఎఫ్ సంగతైతే బర్కత్‌పురాలోని భవిష్యనిధి భవన్‌కు వెళ్ళండి. వెంట ఒకే పేజీలో తేదీల వరస, బకాయి లెక్క, అపాయింట్‌మెంట్ లెటర్, చివరి మూడు పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, రాజీనామా మెయిల్ ప్రింటు, స్పీడ్ పోస్టు రసీదు పెట్టుకోండి. రెండు సెట్లు తీసుకెళ్ళి, ఒక దాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకునే బయటికి రండి.