వేరే డిస్కులోకి కాపీ చేసిన లినక్స్ బూట్ కాలేదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫైళ్లన్నీ వచ్చేశాయి కాబట్టి బూట్ అయి తీరాలి.

వాస్తవం: పాత బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) పద్ధతిలో బూట్‌లోడర్, అంటే లినక్స్‌ను లేపే ప్రోగ్రామ్, దాని మొదటి ముక్క ఏ ఫైల్లోనూ ఉండదు. డిస్కు మొదటి సెక్టార్‌లోని 512 బైట్లలో మొదటి 446 దానివే. గ్రబ్ (లినక్స్‌లో ఎక్కువగా వాడే బూట్‌లోడర్) తర్వాతి భాగం మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీలో కూర్చుంటుంది. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ ఆ చోటు వైపే వెళ్లదు. జీపీటీ (కొత్త రకం పార్టిషన్ టేబుల్) డిస్కయితే ఆ ఖాళీకి బదులు 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ విడిగా పెట్టాలి. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐలో లోడర్ మామూలు ఫైలే, ఈఎస్‌పీ అనే బూట్ ఫైళ్ల పార్టిషన్‌లో ఉంటుంది. కానీ మదర్‌బోర్డు గుర్తుపెట్టుకున్నది పాత పార్టిషన్ ఐడీని.

అపోహ: ఏం జరిగినా గ్రబ్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది.

వాస్తవం: ముందు ఎక్కడ ఆగిందో చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. బూట్ డివైస్ లేదన్నా, గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్ వచ్చినా గ్రబ్ ఎక్కించడమే మందు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (కెర్నల్ మొదట వాడే చిన్న తాత్కాలిక సిస్టమ్) ప్రాంప్ట్ దగ్గర ఆగితే గ్రబ్ తన పని చేసేసింది, కెర్నల్‌కు రూట్, అంటే సిస్టమ్ ఉన్న ప్రధాన పార్టిషన్, దొరకలేదు. అక్కడే బీఎల్‌కేఐడీ (blkid, డిస్కుల జాబితా చూపే కమాండ్) కొట్టండి. కొత్త డిస్కు కనిపిస్తే కెర్నల్ లైన్‌లో పాత యూయూఐడీ (ఒక్కో పార్టిషన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) మిగిలిపోయినట్టే. డిస్కే కనిపించకపోతే డ్రైవర్ లేదు. డ్రాకట్ (ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారుచేసే పనిముట్టు) హోస్ట్‌ఓన్లీగా, అంటే ఆ మెషీన్‌కు కావలసిన డ్రైవర్లతోనే, కట్టిన ఇమేజ్‌తో సాటా డిస్కు నుంచి ఎన్‌వీఎంఈ డిస్కుకు మారినప్పుడు ఇలా అవుతుంది. ఎమర్జెన్సీ మోడ్‌లో పడితే ఎఫ్‌స్టాబ్ (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైల్) చూడండి. 90 సెకన్లు ఆగి ముందుకెళ్తే చాలాసార్లు అందులోని పాత స్వాప్ లైనే కారణం.

డెబియన్, ఉబుంటుల్లో సరిచేసే వరుస ఇది. లైవ్ యూఎస్‌బీతో లేవండి. యూఈఎఫ్ఐ మెషీన్ అయితే యూఎస్‌బీ కూడా ఆ మోడ్‌లోనే లేవాలి, లేకుంటే బూట్ ఎంట్రీ రాయడం కుదరదు. కొత్త రూట్, ఈఎస్‌పీ మౌంట్ చేసి, సిస్టమ్ నడుస్తున్నప్పుడే నిండే డెవ్, ప్రాక్, సిస్, రన్ డైరెక్టరీలను అందులో బైండ్ చేసి (అక్కడా కనిపించేలా చేసి), సీహెచ్‌రూట్‌తో ఆ కొత్త సిస్టమ్‌లోకి వెళ్లండి. ఎఫ్‌స్టాబ్‌లో యూయూఐడీలు మార్చి, అన్ని కెర్నళ్లకూ అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ నడిపి, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ చేయండి. బయోస్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్‌కు పార్టిషన్ పేరు ఎస్‌డీబీ1 కాదు, మొత్తం డిస్కు ఎస్‌డీబీ ఇవ్వాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

అపోహ: కాపీ చేసేటప్పుడు ప్రాక్, సిస్, డెవ్ అసలే అక్కర్లేదు.

వాస్తవం: లోపలి సరుకు అక్కర్లేదు, ఖాళీ డైరెక్టరీలు మాత్రం ఉండాలి.

అపోహ: లాగిన్ కాకపోతే పాస్‌వర్డ్ ఫైల్ చెడినట్టే.

వాస్తవం: ఎస్ఈలినక్స్ (ఫైళ్లకు భద్రతా లేబుళ్లు పెట్టే వ్యవస్థ) ఉన్న సిస్టమ్‌లో ముందు ఆ లేబుళ్లను అనుమానించండి. ఆర్‌సింక్‌కి పెద్ద ఎక్స్ (-X) ఆప్షన్ ఇవ్వకపోతే అవి రావు. రూట్‌లో డాట్ ఆటోరీలేబుల్ (.autorelabel) పేరుతో ఖాళీ ఫైల్ పెట్టి రీబూట్ చేయండి.

అపోహ: డిస్కును బైటుకు బైటు కాపీ చేసే డీడీతో చేస్తే ఏ తలనొప్పీ ఉండదు.

వాస్తవం: యూయూఐడీలు కూడా కవలలవుతాయి. రెండు డిస్కులూ తగిలించి ఉంటే ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం. ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే రెండోదాన్ని మౌంట్ చేయనంటుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే డేటాకే ముప్పు, కాబట్టి పాత డిస్కు ఊడదీశాకే బూట్ చేయండి. పెద్ద డిస్కులోకి తీస్తే డిస్కు చివర ఉండాల్సిన జీపీటీ బ్యాకప్ హెడర్ మధ్యలో చిక్కుకుంటుంది, ఎస్‌జీడిస్క్ కమాండ్ చిన్న ఈ (-e) ఆప్షన్ దాన్ని చివరికి జరుపుతుంది. 512 బైట్ల సెక్టార్లున్న డిస్కు నుంచి 4096 బైట్ల సెక్టార్లున్న డిస్కుకు మాత్రం డీడీ వద్దు: పార్టిషన్ టేబుల్ లెక్కంతా సెక్టార్లలోనే ఉంటుంది కాబట్టి అక్కడ పార్టిషన్లు సరిగ్గా దొరకవు.