పేజీలోనే పరీక్షించడమా, పేజీ దాటి చూడడమా: విద్యార్థుల మీడియా అక్షరాస్యతపై వివాదానికి మూలం

విద్యార్థులకు మీడియా, సమాచార, సాంకేతిక అక్షరాస్యతను, అంటే చూసిన, చదివిన సమాచారాన్ని బేరీజు వేసి వాడుకోగల నేర్పును, ఎలా అలవరచాలన్న పాత ప్రశ్న మళ్లీ రాజుకుంది. 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదన్న ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి రావడంతో, నేర్పడం కంటే దూరంగా ఉంచడమే మేలన్న వాదన పుంజుకుంది. అదే సమయంలో సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ, పలు దేశాల 15 ఏళ్ల విద్యార్థులకు తాను నిర్వహించే పిసా పరీక్షల 2029 విడతలో మీడియా, కృత్రిమ మేధ అక్షరాస్యతను కొత్త అంశంగా చేర్చింది. అంటే ఒక చేత్తో తెర మూస్తూనే, తెర మీద కనిపించేదాన్ని అంచనా వేయగల నేర్పును మరో చేత్తో కొలవబోతున్నారన్నమాట.

మీడియా విద్యపై 1982లో వెలువడిన గ్రూన్‌వాల్డ్ ప్రకటన గురించి, ఉపాధ్యాయుల కోసం యునెస్కో 2011లో తెచ్చిన పాఠ్యప్రణాళిక గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఈ అక్షరాస్యత అవసరమా అన్న విషయంలో ఇప్పుడు పెద్దగా భేదాభిప్రాయం లేదు. తరగతి గదిలో దాన్ని ఏ రూపంలో నేర్పాలన్నదే తగాదా. దాని మూలం కోసం 2004కు వెళ్లాలి.

ఆ ఏడాది చీకోలోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ గ్రంథాలయంలో పనిచేస్తున్న సారా బ్లేక్స్‌లీ, వెబ్‌సైట్లను అంచనా వేయడానికి సులభంగా గుర్తుండే ఒక చెక్‌లిస్ట్ తయారుచేశారు. తాజాదనం, సందర్భానికి తగినదా కాదా, రాసినవారి అర్హత, కచ్చితత్వం, ఉద్దేశం అనే ఐదు అంశాల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలతో దానికి 'క్రాప్' పరీక్ష అన్న పేరు వచ్చింది. ఇదీ, దీని వంటి మరికొన్ని పట్టికలూ ఎన్నో గ్రంథాలయాలకు, పాఠశాలలకు పాకాయి. ఎందుకు పాకాయో ఊహించడం కష్టం కాదు. పట్టిక ఒక్క కాగితంలో ఇమిడిపోతుంది, ఒక్క పీరియడ్‌లో చెప్పడం పూర్తవుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా దానికి మార్కులు వేయవచ్చు.

అయితే ఆ ప్రశ్నలు అచ్చు పుస్తకాల కాలం నుంచి వచ్చినవి. సంపాదకుడు, ప్రచురణకర్త, గ్రంథపాలకుడు వడపోసిన తరువాతే పుస్తకం విద్యార్థి చేతికి వచ్చే రోజుల్లో, ఆ పుస్తకాన్నే తిరగేసి దాని విలువను అంచనా వేయడం సబబే. వెబ్‌లో ఆ వడపోత లేదు. రచయిత పేరు ఉందా, తేదీ ఉందా, భాష సక్రమంగా ఉందా, సంస్థ తన గురించి ఏం చెప్పుకుంది అన్న ప్రశ్నలకు విద్యార్థి ఆ పేజీలోనే జవాబులు వెతికితే, ఆ జవాబులన్నీ పేజీ తయారుచేసినవారు అందించినవే అవుతాయి. చిరునామా చివర 'డాట్ ఆర్గ్' ఉంటే నమ్మవచ్చని చెప్పినవారూ ఉన్నారు. నిజానికి ఆ చిరునామాను ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఈ లోపాన్ని అప్పట్లో ఎవరూ గమనించలేదని అనడానికి వీల్లేదు. అదే 2004లో మార్క్ మియోలా అనే గ్రంథపాలకుడు, చెక్‌లిస్టులను పక్కనపెట్టి, ఒక చోట చదివినదాన్ని ఇతర మూలాలతో పోల్చి ధ్రువపరచుకోవడం నేర్పాలని వాదిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. తరగతుల్లో మాత్రం పట్టికే నిలిచింది.

మియోలా మాటకు ప్రయోగపూర్వకమైన ఆధారం దొరకడానికి పదమూడేళ్లు పట్టింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెల్లడించిన అధ్యయనంలో 45 మంది పాల్గొన్నారు. వారిలో పదిమంది చరిత్రలో పీహెచ్‌డీ చేసినవారు, పదిమంది వృత్తిరీత్యా ఫ్యాక్ట్ చెకర్లు (వార్తల్లోని నిజానిజాలను తేల్చేవారు), మిగతా 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. పిల్లల వైద్యుల సంఘాలుగా కనిపించే రెండు సంస్థల వెబ్‌సైట్లను వారి ముందు ఉంచి, ఏది ఎక్కువ నమ్మదగినదో చెప్పమన్నారు. ఒకటి 1930లో ఏర్పడి, పదుల వేల సభ్యులున్న అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. రెండోది స్వలింగ జంటలు పిల్లలను దత్తత తీసుకోవడాన్ని ఆ అకాడమీ సమర్థించిన దరిమిలా, 2002లో విడిపోయిన ఒక చిన్న వర్గం పెట్టుకున్న అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్. రెండో సంస్థ పేజీ చూడముచ్చటగా ఉంది, చివర్లో ఆధారాల జాబితా కూడా ఉంది. విద్యార్థుల్లో సగానికి పైగా దానివైపే మొగ్గారు. గ్రంథాలయాల్లో జీవితం గడిపిన చరిత్రకారుల్లోనూ పలువురు తడబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లలో మాత్రం ఒక్కరూ మోసపోలేదు.

ఆ తేడాకు కారణం తెలివితేటలు కావు, పని చేసే తీరు. విద్యార్థులు, చరిత్రకారులు పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. ఫ్యాక్ట్ చెకర్లు కొద్ది క్షణాల్లోనే దాన్ని వదిలి, కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. పాఠశాలలు ఏళ్ల తరబడి వద్దని చెబుతూ వచ్చిన వికీపీడియాను కూడా వారు మొదటి మెట్టుగా వాడుకున్నారు. ఈ పద్ధతికే ల్యాటరల్ రీడింగ్ (పక్కకు వెళ్లి చదవడం) అన్న పేరు స్థిరపడింది. డిజిటల్ అక్షరాస్యత నిపుణుడు మైక్ కాల్‌ఫీల్డ్ 2019లో రూపొందించిన 'సిఫ్ట్' పద్ధతి సారాంశమూ దాదాపు ఇదే: చదువుతూ పోకుండా ముందు ఆగాలి, మూలం ఎవరో కనుక్కోవాలి, మెరుగైన కథనం వెతకాలి, మాటను దాని అసలు సందర్భంలో చూడాలి.

స్టాన్‌ఫర్డ్ బృందమే 2018-19లో అమెరికా అంతటా 3,446 మంది హైస్కూల్ విద్యార్థులను, ఇంటర్నెట్ అందుబాటులో ఉంచి మరీ పరీక్షించింది. ఓటింగ్‌లో అక్రమాలు జరుగుతున్నట్టు చూపే వీడియో ఒకటి ఇచ్చి, అది అమెరికా ఎన్నికల్లో మోసానికి గట్టి ఆధారమేనా అని అడిగితే 52 శాతం మంది అవునన్నారు. ఆ దృశ్యాలు రష్యాలో చిత్రించినవి. కొద్దిపాటి వెతుకులాటతో తేలే ఆ సంగతిని, వీడియో మూలాన్ని, మూడు వేలకు పైగా జవాబుల్లో మూడంటే మూడే పట్టుకోగలిగాయి.

వీరంతా ఫోన్లతో పెరిగిన పిల్లలే కదా అన్న ప్రశ్న ఇక్కడ సహజం. 2001లో అమెరికన్ రచయిత మార్క్ ప్రెన్‌స్కీ ప్రచారంలోకి తెచ్చిన 'డిజిటల్ నేటివ్స్' (డిజిటల్ సాధనాల మధ్యే పుట్టి పెరిగినవారు) భావన, యంత్రంతో చనువు ఉంటే వివేచన దానంతటదే వస్తుందన్న భ్రమకు ఊతమిచ్చింది. పలు దేశాల ఎనిమిదో తరగతి విద్యార్థుల కంప్యూటర్, సమాచార నైపుణ్యాలను కొలిచిన 2018 నాటి అంతర్జాతీయ అధ్యయనం ఐసిల్స్‌లో అత్యున్నత స్థాయిని అందుకున్నవారు 2 శాతమే. అయినా సాంకేతిక అక్షరాస్యత అంటే పరికరాలు పంచడమేనన్న అలవాటు చాలాచోట్ల ఇంకా పోలేదు.

అన్నిటినీ ప్రశ్నించమని నేర్పితే పిల్లలు దేన్నీ నమ్మనివారవుతారని, ఆ అనుమానాన్నే దుష్ప్రచారకులు వాడుకుంటారని పరిశోధకురాలు డానా బాయిడ్ 2018లో హెచ్చరించారు. పట్టించుకోవలసిన మాటే. కాకపోతే ఆ విమర్శ అనుమానాన్ని నేర్పే బోధనకు తగిలినంతగా ల్యాటరల్ రీడింగ్‌కు తగలదు, ఎందుకంటే ఫ్యాక్ట్ చెకర్లు వెతికేది ఎవరిని నమ్మవచ్చో తేల్చుకోవడానికే. ఇది నేర్పితే వచ్చే విద్యేనని 2022లో ప్రచురితమైన మరో అధ్యయనం చూపింది. 499 మంది హైస్కూల్ విద్యార్థులపై జరిపిన ఆ అధ్యయనంలో, సొంత ఉపాధ్యాయులే ఆరు పాఠాలు చెప్పిన తరగతులు మిగతావాటి కంటే స్పష్టంగా మెరుగుపడ్డాయి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక 2004 నాటి కథే పునరావృతమవుతోంది. ఏఐ ఇచ్చిన జవాబులో తర్కం ఉందా, భాష బాగుందా, ఆధారాలు పేర్కొందా అని ఆ జవాబునే పరిశీలించమనే కొత్త పట్టికలు పుట్టుకొస్తున్నాయి. చాట్‌బాట్‌కు ధారాళమైన భాష పుట్టుకతో వచ్చిన గుణం. లేని పుస్తకాలను ఉన్నట్టుగా చూపించడం కూడా దానికి చేతనవును. అది చూపిన ఆధారం నిజంగా ఉందో లేదో తెలియాలంటే ఆ కిటికీ దాటి బయటకు వెళ్లాల్సిందే.

నిషేధాన్ని కోరేవారి వాదన కూడా తేలికైనది కాదు. సమయం చాలదు, ఉపాధ్యాయులకు శిక్షణ లేదు, తరగతిలో తెర ఏకాగ్రతను చెడగొడుతుంది. సోషల్ మీడియా ఖాతాలకు వయోపరిమితి పెట్టడం, బడిలో ఇంటర్నెట్‌ను పూర్తిగా ఆపడం వేర్వేరు విషయాలైనా, చర్చలో రెండూ ఒకటిగా కలిసిపోతున్నాయి. ఇంటర్నెట్ లేని గదిలో ఇంకో ట్యాబ్ తెరవడం నేర్పలేము కాబట్టి, రెండోది అమలైతే మిగిలేది మళ్లీ కాగితం మీది పట్టికే. 2029 పిసా కోసం సిద్ధమవుతున్న పరీక్షలో మాత్రం ఇంటర్నెట్‌ను, సోషల్ మీడియాను, ఏఐ సాధనాలను పోలిన కృత్రిమ వాతావరణాన్ని విద్యార్థుల ముందు ఉంచనున్నారు. పాఠ్యప్రణాళికలు రాసేవారు పట్టికను ఎంచుకుంటారో, ఆ వాతావరణంలో మెలగడానికి కావలసిన సాధనను ఎంచుకుంటారో ఆలోగా తేల్చుకోవలసి ఉంది.